మెడలో బటన్

మా ఇంటి అలారం పెట్టెలో సంకేతాలు అందుకునే వైర్‌లెస్ డ్రైవర్ ప్రోగ్రాంను నెలాఖరుకల్లా సరిచేస్తానని నా శిష్యుడు మాటిచ్చి తప్పాడు. ఏళ్లు గడిచాయి, నేను మరిచిపోలేదు. గురుద్రోహుల కథలు బోలెడు చదివాను. వీడికి సాటివచ్చేవాడు ఒక్కడూ కనబడలేదు.

మా ఆవిడ మెడలో చిన్న బటన్ ఉండేది. నొక్కితే సంకేతం హాల్లోని పెట్టెకు చేరి, నా ఫోను మోగాలి. ఆమె స్నానాలగదిలో జారిపడిన రోజు నేను లైబ్రరీలో ఉన్నాను. ఫోను మోగలేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చల్లబడి ఉంది.

అంతా అయ్యాక పెట్టె విప్పి, అది ఆగిపోయినప్పుడు రాసిపెట్టుకునే క్రాష్ లాగ్ చదివాను. సంకేతం అందగానే డ్రైవర్ ఎప్పుడో వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంది, పెట్టెను నడిపే కెర్నెల్ కుప్పకూలింది. వాడు సరిచేస్తానన్న తప్పే.

కబురు చేస్తే వచ్చాడు.

"తప్పు నాదే గురువుగారూ. తిట్టండి, కొట్టండి."

"ఏడుపు తరవాత. ముందు ఈ లాగ్‌లో కింది వరుసలు చదువు."

చదివి తెల్లబోయాడు. "పెట్టె నిమిషంలో దానంతటదే లేచిందండీ! ఆ తరవాత బాగానే పనిచేసింది. అమ్మగారు ఇంకోసారి నొక్కి ఉంటే... పాపం, స్పృహ తప్పారేమో."

"లేదు. చాలాసేపు తెలివితోనే ఉందని డాక్టరు చెప్పాడు. రెండోసారి నొక్కదురా ఆవిడ."

పెళ్లయిన నాటి నుంచీ అంతే. వంటింట్లోంచి ఒక్కసారి పిలిచేది. నేను పలక్కపోతే మళ్లీ పిలిచేది కాదు, తన తిప్పలు తను పడేది.

వాణ్ణి తిట్టుకోవడం నాకు కాలక్షేపం. నేటికీ క్షమించలేనిది మా ఆవిడను.