బురద కాళ్ళు

“కాళ్ళ రంగు చెప్పు.”

“నల్లగా కనిపిస్తున్నాయి మాస్టారూ.”

“తోక?”

“కదపడం లేదు. బుద్ధిగా కూర్చుంది.”

“దాని బుద్ధి మనకెందుకు? పేరు రాయి.”

కొత్తమ్మాయి బైనాక్యులర్స్ దించలేదు. మడుగు అంచున రెల్లుదుబ్బు మొదట్లో బొటనవేలంత గోధుమరంగు పిట్ట. ఇలాంటివి ఇక్కడ రెండు రకాలు. అదే గోధుమరంగు, కంటిమీద అదే సన్నటి చార, కవలలే అనుకోవాలి. తేడా అల్లా కాళ్ళలోనే. అందుకే పక్షులు లెక్కపెట్టే ఆఫీసులో ఒకదాన్ని నల్లకాలిది అనీ, రెండోదాన్ని లేతకాలిది అనీ పిలుస్తారు. నల్లకాలిది ఎక్కడ చూసినా ఉంటుంది. లేతకాలిది ఈ మడుగులో కనిపించి చాలా ఏళ్ళయింది.

నెలరోజుల పరీక్షలో ఇది ఆఖరి ఉదయం. మాస్టారు సంతకం పెడితే ఉద్యోగం ఆమెది. లేదంటే అంతకుముందు వచ్చిన నలుగురిలాగే ఇంటిదారి.

“నాకైతే పిచ్చుకలాగే ఉందండీ,” గట్టుమీంచి ఆమె భర్త అన్నాడు. సెలవు కదా అని వెంట వచ్చి, ఒళ్ళో టీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు.

“పరీక్ష నీకు కాదు నాయనా. టీ సంగతి చూసుకో,” అన్నారు మాస్టారు.

కొత్తమ్మాయి నవ్వాపుకుంది. పెళ్ళయి ఆరు వారాలే అయింది. భర్త ఏమన్నా ఆమెకి నవ్వొస్తుంది.

పుస్తకంలో ఒక ముక్క రాసి, పైకి చదివింది. రాసిన ప్రతిదీ పైకి చదవాలన్నది మాస్టారి పద్ధతి. నోటితో చెప్పలేనిది కంటితో చూసినట్టు కాదంటారు.

“లేతకాలిది. ఒకటి.”

మాస్టారి తెల్లటి కనుబొమలు దగ్గరకొచ్చాయి. “కాళ్ళు నలుపని ఇప్పుడేగా అన్నావు?”

“నల్లగా కనిపిస్తున్నాయన్నాను. అది బురద మాస్టారూ. ఇందాక నీళ్ళ అంచున గంతులేసింది. కాస్త పైన, బురద అంటని చోట లేతగానే ఉంది. పైగా నల్లకాలిదైతే తోక ఊపకుండా నిమిషం ఉండదు.”

“ముప్పై ఏళ్ళుగా కాళ్ళు చూసే చెప్తున్నాన్నేను.”

“నేనూ కాళ్ళే చూశానండీ. మొదలంటా చూశాను.”

గట్టుమీద భర్తకి టీ పొలమారింది.

“నోరు బాగానే ఉంది,” అన్నారు మాస్టారు. “ఇది చూసి ఆఫీసులో నవ్వుతారు. నిన్ను చూసి కాదు, నన్ను చూసి.”

“నవ్వితే నవ్వనివ్వండి.”

“అది కొట్టేసి నల్లకాలిది అని రాయి. సంతకం ఇప్పుడే పెడతాను. రేపటినుంచి పనిలోకి రావచ్చు.”

ఆమె కలం ఆగింది. వాళ్ళ అద్దెగదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఎవరు కూర్చోవాలన్నది రోజూ ఇద్దరికీ ఒక ముద్దు తగువు. మొదటి జీతంతో కొనాల్సినవాటి జాబితా గది తలుపుకి అంటించి ఉంది. రెండో కుర్చీ, కిటికీకి పసుపురంగు తెర, ఒకేలాంటి రెండు కప్పులు. ఆమె గట్టువైపు చూసింది.

“కుర్చీకి తొందరేం లేదులే,” అన్నాడు భర్త. “నేల చల్లగా బాగానే ఉంది.”

ఆమె కలానికి మూత పెట్టేసింది.

“రాయను మాస్టారూ.”

“ఏమన్నావు?”

“రాయనన్నాను. కావాలంటే ఇంటికి పంపేయండి. కంటికి కనిపించింది రాయడానికి వచ్చాను కానీ, మీ మనసులో ఉన్నది రాయడానికి కాదు. నమ్మకం లేకపోతే మీ మెడలోనూ బైనాక్యులర్స్ ఉన్నాయిగా, చూడండి.”

“నేనే చూస్తే ఇంక నీకు పరీక్షేమిటి?”

“అయితే నా మాటే ఖాయం. లేతకాలిది. ఒకటి.”

పిట్ట సన్నగా ఒక్క కూత కూసి తుర్రుమంది. మాస్టారు ఆ కూతవైపు చెవి ఒగ్గి, అది పోయాక కూడా చాలాసేపు అలాగే నిలబడ్డారు. కొత్తమ్మాయి తల దించలేదు.

“నీ పరీక్ష కాగితం తియ్యి,” అన్నారాయన చివరికి. “ఎక్కడ పెట్టాలి సంతకం?”

“తీసేస్తున్నట్టా మాస్టారూ?”

“తీసుకుంటున్నట్టు. ఎక్కడో చెప్పు, నా మనసు మారకముందు.”

ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన వంకరటింకరగా గీకి ఇచ్చారు. గట్టుమీద భర్త వేసిన ఈలకి మడుగులోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

“లెక్కంతా పాడుచేశావు కదయ్యా!” అని మాస్టారు అరిచారు కానీ, ఆ అరుపులో కోపం లేదు.

కొత్తమ్మాయికి మాత్రం ఉక్రోషం ఇంకా తగ్గలేదు. “ఈ సంతకమేదో మొదటే పెట్టచ్చుగా! ఇంత ఏడిపించాలా? మీ కేకలకి జడిసే ఆ నలుగురూ పారిపోయి ఉంటారు.”

“పారిపోలేదు, నేనే పంపించాను. నేను కాస్త గొంతు పెంచగానే నలుగురూ చూసింది కొట్టేసి, నేనన్నది రాశారు. అలాంటివాళ్ళతో నాకు పని జరగదమ్మాయ్.”

“ఎందుకు జరగదు? మీరే చూసి, మీరే చెప్తే పోయేదిగా!”

నెలరోజుల్లో మొదటిసారి మాస్టారు నవ్వారు.

“నాకు కళ్ళు ఆనక రెండేళ్ళయిందమ్మా.”