మాస్టారితో తాడో పేడో

లెక్కల పుస్తకం తెరవగానే పిల్లకు కడుపునొప్పి వచ్చింది. ఈమధ్య రోజూ వస్తోంది.

"నాటకాలాపి కూర్చో," అన్నాడు తండ్రి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

వంటింట్లోంచి తల్లి చూస్తూనే ఉంది. లెక్క పిల్లే మొదలుపెట్టింది. సగంలో ఆగి, పెన్ను కొరుకుతూ ఆలోచనలో పడింది. అంతే, ఆయనకు ఓపిక నశించింది.

"ఇంత చిన్న లెక్కకు ఇంతసేపా?" అంటూ పెన్ను లాక్కుని, చిత్తుకాగితం మీద లెక్కలన్నీ గబగబా చేసి పడేశాడు. "ఇదిగో, ఎత్తి రాసుకో."

పిల్ల ఎత్తి రాసింది. ఏం రాస్తోందో చూడను కూడా లేదు.

మర్నాడు పుస్తకం నిండా ఎర్రసిరా. 'సొంతంగా చేసినది కాదు. సున్నా.'

తల్లికి ఒళ్ళు మండిపోయింది. నిరుడు ఇదే పిల్ల పేపర్లో అంకెల పజిల్ పూర్తిచేసి, జవాబు అరచేత్తో మూసి, "నువ్వు చెప్పు చూద్దాం," అని తనను ఏడిపించేది. పదో క్లాసుకు వచ్చాక ఆ పేపరే ముట్టుకోవడం మానేసింది.

"ఈ రాత న్యాయమేనా?" అని పుస్తకం భర్త ముందు పడేసింది.

"న్యాయమే. ఎత్తి రాసినదానికి మార్కులెలా వస్తాయి?"

"మరి మీరెందుకు చేసిపెడుతున్నారు?"

"కూతురు కళ్ళముందే తప్పుతుంటే ఏ తండ్రి చేతులు కట్టుకుని కూర్చుంటాడు?"

"అక్కడా తిట్లే, ఇక్కడా తిట్లే. ఇక నేను బడికే వెళ్ళను!" అని పిల్ల ధడాలున తలుపేసుకుంది.

అన్నంత పనీ చేసింది. తెల్లారినా ముసుగు తీయలేదు.

ఇంట్లో తండ్రికి చెప్పీ చెప్పీ తల్లి నోరు పడిపోయింది. గోడకు చెప్పుకున్నా ఒకటే. ఇక మాస్టారితోనే తాడో పేడో తేల్చుకుందామని సంచీ భుజాన వేసుకుని బడికి బయల్దేరింది.

స్టాఫ్ రూములో మాస్టారు పుస్తకాల గుట్ట వెనక కూర్చుని దిద్దుతున్నారు. ఆవిణ్ణి చూసి కంగారుగా లేచారు. పక్కబల్లల వాళ్ళూ తలలెత్తారు.

"మర్యాదలేం వద్దు మాస్టారూ. ఒక్క మాట అడిగి పోతాను," అంది. "లెక్కలంటే పడి చచ్చే పిల్ల. వాళ్ళ నాన్న దాన్ని చెయ్యనివ్వరు. ఆయన చేసింది రాస్తే మీరు సున్నా వేస్తారు. ఇవాళ మంచం దిగలేదు. తప్పెవరిదో మీరే చెప్పండి."

మాస్టారు ఎర్రపెన్నుకు మూత పెట్టారు. మళ్ళీ తీశారు.

"పిల్లది కాదు," అన్నారు చివరికి. "లెక్క తప్పు పోతే పోనివ్వాలి. పెద్దవాళ్ళు పెన్ను ముట్టుకోకూడదు. పేరెంట్స్ మీటింగు పెట్టినప్పుడల్లా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తూనే ఉన్నాను."

తల్లికి కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"అయితే ఆ మాటేదో సాయంత్రం ఇంటికొచ్చి మన పిల్లతో మీరే చెప్పండి," అంటూ, ఆయన పొద్దున మర్చిపోయి వచ్చిన లంచ్ బాక్స్ సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది.