హంసినికి ఇంకా మంచి ఇల్లు

కుసుమ హంసినికి జడ వేస్తుండగా గోడమీది పెట్టె పలికింది: "హంసినికి ఇంతకన్నా సరిపోయే ఇల్లు దొరికింది. సాయంత్రం బండి వస్తుంది."

అమ్మానాన్నలు లేని పిల్లలకు ఇళ్ళు వెతికే పని యంత్రానికి అప్పగించాక, అది వెతకడం ఆపనే లేదు. తొమ్మిదేళ్ళ హంసినికి ఇది ఆరో ఇల్లు. ఈమధ్యే కుసుమను అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది.

కుసుమ ఆ యంత్రాన్ని నడిపే ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలింది. "పిల్ల ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది సార్, కదపకండి."

"యంత్రం లెక్కలో ఆ ఇంటికి మీకన్నా మార్కులు ఎక్కువొచ్చాయమ్మా. మా చేతుల్లో ఏం లేదు," అన్నాడు అధికారి.

ఆమె ఫోన్ పెట్టేసేసరికి హంసిని తన బట్టలు సంచిలో సర్దేసుకుంది. కుసుమ పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది. హంసిని ఏడవలేదు. ఆమె వీపు నిమురుతూ నెమ్మదిగా అంది:

"ఊరుకోండి ఆంటీ. మీక్కూడా నాకన్నా సరిపోయే పాప దొరుకుతుంది."