మామ తాగిన బత్తాయి బీరు

మద్యం ముట్టని మహానుభావులకు, ముఖ్యంగా మా అత్తకు, ముందుగాల సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్న. ఈ కథల ఆమె పెనిమిటి పొద్దుగాల్నే బీరు తాగుతడు. పోసేది నేను.

హాలియా దగ్గర మా శ్రీశైలం మామ బత్తాయి తోటల జేసీబీ వచ్చి నిలబడ్డది. ధర లేదని చెట్లన్నీ పీకించి వరి పెడతనంటున్నడు మామ.

"జర ఆగు మామా. పట్నంల పండ్లతోటి పుల్లటి బీరు చేస్తున్నరు. గిది మన బత్తాయిదే. నువ్వు బాగుందంటే తోట కాయంతా వాళ్లే కొంటరు" అని గ్లాసు చేతిల పెట్టిన.

మామ చెట్టు మొదట్ల రెండు చుక్కలు భూమితల్లికి సాక పోసిండు. కల్లును చూసినట్టే వాసన చూసి, ఒక గుటక మింగి మొఖం మాడ్చిండు.

"పులిసిన కల్లు గదరా! పారబోసేదాన్ని పైసలిచ్చి తాగుతరా?"

డ్రైవర్ దిక్కు చెయ్యి ఊపిండు. జేసీబీ కదిలింది. నా పానం దాని కిందనే ఉన్నది.

"ఇంకొక్క గుటక మామా, నీ కాళ్లు మొక్కుత!"

ఈసారి కండ్లు మూసుకొని, చానసేపు నోట్లనే ఉంచుకున్నడు. మింగినంక "ఆపురా బండి!" అని అరిచిండు.

"గీ చేదు మన కాయదే అల్లుడా. పట్నపోళ్లకు నచ్చిందారా?" తడికండ్లతోటి అడిగిండు.

"పడి సస్తున్నరు మామా."

ఇప్పుడు సంచెడు బత్తాయిలతోటి పట్నం బస్సుల ఉన్న, గా బీరు చేసేటోళ్లను మొదటిసారి కలవనీకె. నేను చేసింది ఒక్కటే. సీసాల ఉన్న వాళ్ల మామిడి బీరుల, బోరు షెడ్డు చాటున, మామ తోట బత్తాయి ఒకటి పిండిన.