ఉత్తర్వు ప్రకారం

శాసనసభలో ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా టైపు చేయడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే పని.

ఆ రోజు ఒక సభ్యురాలు లేచి, "మా ఆసుపత్రిలో కాన్పులు చేసే డాక్టరు లేక మొన్న ఒకమ్మాయి దారిలోనే పోయింది. డాక్టర్ని ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది.

మంత్రిగారు తాపీగా లేచారు. "కనమని నేను చెప్పానా తల్లీ? ఆ సంగతి మీ ఆయన్నడగండి."

సభంతా ఘొల్లుమంది. అదీ టైపు చేసి, కింద రూలు ప్రకారం బ్రాకెట్లో 'సభలో నవ్వులు' అని కొట్టాను.

సాయంత్రానికి టీవీల్లో గగ్గోలు. ఆడవాళ్లు దుమ్మెత్తిపోశారు. మంత్రిగారి మనుషులు, "సరదాకన్నారు, ఆ మాత్రం జోకు కూడా పడదా?" అని ఎదురు తిరిగారు. మర్నాడు పొద్దున్నే మాకు ఉత్తర్వొచ్చింది: మంత్రిగారి మాటలు రికార్డులోంచి తీసేయాలి, ఖాళీ కూడా కనపడకూడదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అంటే ఆయన అననట్టే, మనం విననట్టేనా సార్?" అన్నాను మా ఆఫీసరుతో.

"మనకెందుకమ్మా? ఉత్తర్వులో ఏముందో అది చెయ్యి. ఒక్క అక్షరం ఎక్కువ తీయకు, తక్కువ తీయకు" అన్నాడాయన, ఫైల్లోంచి తలెత్తకుండా.

అక్షరాలా అలాగే చేశాను. మంత్రిగారి మాటలు తీసేశాను. ఉత్తర్వులో నవ్వుల ఊసే లేదు, వాటి జోలికి పోలేదు.

అచ్చయిన పుస్తకంలో ఆ పేజీ ఇప్పుడిలా ఉంది:

సభ్యురాలు: మా ఆసుపత్రిలో కాన్పులు చేసే డాక్టరు లేక మొన్న ఒకమ్మాయి దారిలోనే పోయింది. డాక్టర్ని ఎప్పుడు వేస్తారు?

(సభలో నవ్వులు)