సోపతి చదివిన ఉత్తరం

"జర చదువు సోపతీ," అంటూ శివయ్య ఉత్తరం ఉన్న చేతిని ముందుకు చాపాడు.

భిక్షపతి ఉత్తరం అందుకున్నాడు. గొంతు సవరించుకుని, కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"వదినె మంచిగున్నదట అన్నా. నువ్వు యాళ్లకు తింటున్నవా అని అడుగుతున్నది. భివండిల వానలు మస్తు పడుతున్నయట..."

శివయ్య మోకాళ్ల మధ్య సగం అల్లిన కుర్చీ ఉంది. సర్కారు ఆఫీసుల కుర్చీలకు కేన్ అల్లుతాడు. చూపు పోయాక నేర్చుకున్న పని. ఉత్తరం చదువుతున్నంతసేపూ అతని వేళ్లు కదలవు.

నెలకొకసారి ఉత్తరం. చదవడం కాగానే శివయ్య దాన్ని తిరిగి తీసుకునేవాడు. రెండేళ్లుగా ఇదే వరస. ఇందులో ఉన్న చిక్కు ఒక్కటే. భిక్షపతికి అక్షరమ్ముక్క రాదు.

మోసం చేద్దామని కాదు పాపం. పాత పేపర్లతో పొట్లాలు అంటించి ఉస్మాన్‌గంజ్ దుకాణాలకు వేయడం అతని పని. కిషన్‌బాగ్‌లో శివయ్య పక్క గదిలో దిగిన కొత్తలో, రోజంతా కాగితాల చప్పుడు విని శివయ్య గోడ పట్టుకుని వచ్చాడు.

"పేపర్లు బాగ చదువుతవు లెక్కుంది. గీ ఉత్తరం చూడు సోపతీ. మంచిగ చూసి చదువు. కండ్లు పోయిన కోపంల మా ఇంటిది మాణిక్యమ్మను ఒక మాట అన్న. భివండిల తన తమ్మునింటికి పోయింది."

ఆ వాడలో సోపతి అంటే, నేస్తం అనే ఉత్త పలకరింపు కాదు. ఆ మాటతో పిలిచి ఉప్పు అడిగినా, గొడుగు అడిగినా, పాడె మోయడానికి భుజం అడిగినా లేదనకూడదు. లేదన్నవాణ్ని ఇంకెవరూ ఆ మాటతో పిలవరు.

భిక్షపతిని అప్పటిదాకా ఎవరూ అలా పిలవలేదు. గంజ్‌లో అతని పేరు "పొట్లాలోడు". నలభై ఐదేళ్లకు దక్కిన పిలుపు. నాకు చదువు రాదని ఏ నోటితో అంటాడు?

అందుకే ఆ రోజు తోచింది చదివాడు. కోపమేం లేదని, నీ మాటలు ఎప్పుడో మరిచిపోయానని, మాణిక్యమ్మ తరఫున తనే క్షమించేశాడు. శివయ్య గుమ్మంలోనే కూలబడి చాలాసేపు ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక వెనక్కి తిరిగే దారి లేకపోయింది.

నెలనెలా ఉత్తరం పట్టుకున్నప్పుడల్లా భిక్షపతికి ఒకటే ఆలోచన. ఆ మహాతల్లి నిజంగా ఏం రాసిందో. జ్వరమని రాసిందో, ఆకలని రాసిందో, వచ్చి తీసుకుపొమ్మని రాసిందో. తన నోటి నుంచి మాత్రం అన్నీ చల్లని కబుర్లే.

ఇవాళ ఆ నోరే కొంప ముంచింది. చదివే ఊపులో, "బోనాలకు వస్తనని రాసింది," అనేశాడు.

శివయ్య ముఖం ఎత్తాడు. "వస్తనని రాసిందా?"

"రాసింది."

"ఎట్లొస్తది సోపతీ?"

"రైలుల వస్తది. ఎట్లొస్తదేంది?"

శివయ్య కుర్చీని పక్కకు జరిపాడు. "గా ముక్క మల్లొకసారి చదువు," అన్నాడు.

భిక్షపతి చదివాడు. బోనాలకు ఇంకా పది రోజులే. ఆమె రాకపోతే ఈ మనిషి ఏమైపోతాడు? అబద్ధాన్ని ఇంకెంత దూరం మోయగలడు?

"అన్నా, గీ ఉత్తరం ఒక్క పూట నా దగ్గర ఉంచుకుంట. ఇంకోపారి నిమ్మళంగ చూస్త."

శివయ్య ఒక నిమిషం తటపటాయించాడు. "పైలం సోపతీ. చినిగిపోతది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే భిక్షపతి నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన అర్జీలు రాసే పెంటయ్య ముందు కూర్చున్నాడు. పెంటయ్య అద్దాలు సర్దుకుని ఉత్తరం విప్పాడు.

"ఏందిది, మడతల కాడ పీలికలైంది. ఎప్పటిది?"

"మొన్ననే వచ్చింది."

"మొన్న ఏంది? డెబ్బై నాలుగు దసరా మర్నాడు రాసిన్రు. రెండేండ్లయితున్నది."

"ఏం రాసిన్రు?"

"బావా, అక్క మాణిక్యమ్మ సోమవారం నాడు కాలం చేసింది. నీకు తెలియాలని రాస్తున్నాను. గంతే."

"ఇంకేం లేదా?"

"రెండు లైన్లే."

భిక్షపతి వంతెన మీదుగా నడిచాడు. బస్సులు హారన్ కొట్టినా వినబడలేదు. చచ్చిపోయిన మనిషిని తను రెండేళ్లు మాట్లాడించాడు. కట్టుకున్నవాణ్ని ఆమె పేరున దీపమైనా పెట్టుకోనివ్వలేదు. పైగా బోనాలకు వస్తుందని చెప్పాడు. రెండేళ్ల నాటి ఉత్తరం మొన్న ఎలా వచ్చిందని ఆలోచించే తెలివి ఆ క్షణంలో అతనికి లేదు.

శివయ్య గుమ్మంలో కూర్చుని కుర్చీ అల్లుతున్నాడు. భిక్షపతి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు.

"శివన్నా, నీకు మస్తు అన్యాలం చేసిన. ఇన్నొద్దులు అబద్దాలు చెప్పిన. నాకు చదువు రాదు. వదినె... వదినె..."

ఇక ఈ జన్మలో శివయ్య తనను సోపతీ అని పిలవడని అతనికి అర్థమైపోయింది.

శివయ్య చెయ్యి చాచాడు. ఉత్తరం అందుకుని, చిరిగిన మడతలను ఒక్కొక్కటే వేళ్లతో సాపు చేశాడు.

"చదువొచ్చిన పోస్టుమాను రెండు ముక్కలే చదివి పోయిండు సోపతీ, అందుకే నెలనెలా గదే ఉత్తరం పట్టుకొని నీ కాడికొస్తున్న."