నలభయ్యో రోజు ప్రార్థన

ఆరున్నరకి కదలాల్సిన బస్సు ఆరూ నలభై అయినా కదల్లేదు. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. స్టీరింగు మీద బైబిలు తెరిచి ఉంది.

"అన్నా, బండి తియ్యి. జనం నన్ను పీక్కు తింటున్నారు," అన్నాడు కండక్టరు.

డ్రైవరు తల ఎత్తలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ముందు సీటులోంచి నర్సమ్మ మెడ సాచి చూసింది. రోజూ ఇదే బస్సులో ఆస్పత్రికి డ్యూటీకి వెళ్ళే మనిషి. ఆలస్యం గురించి దులిపేస్తుందనుకుంటే, ఆమె అడిగింది వేరే.

"ఏమయ్యా కండక్టరూ, ఈ బండికి బ్రేకులున్నాయా?"

"ఉండకేం అమ్మా?"

"మరి ఆయనెందుకు అంతసేపు బతిమాలుకుంటున్నాడు? మా దగ్గర ఆపరేషను బల్ల ఎక్కేవాళ్ళు కూడా రెండు నిమిషాల్లో కానిచ్చేస్తారు."

వెనక సీటులోని కట్టుడుపళ్ళ మేస్టారు చేతిసంచి చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా దిగిపోయాడు. ఆయన వెనకే మరో ఇద్దరు.

కండక్టరుకి అనుమానం పట్టుకుంది. ఎక్కాల్సింది కొండదారి. పన్నెండు మలుపులు, ఒక పక్కంతా లోయ. నెలన్నర కిందటిదాకా ఈ డ్రైవరు సీట్లో కూర్చుంటూనే హారను మోగించి బండిని దూకించేవాడు. ఉన్నట్టుండి ఇంత భక్తి ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఏదో తెలిసే ఉంటుంది. తెలిసీ చెప్పటం లేదు.

తిన్నగా పక్కనున్న షెడ్డుకి పోయి మెకానిక్కుని పట్టుకున్నాడు.

"బ్రేకులా? నిన్ననే చూశాను. బంగారంలా ఉన్నాయి. ఏం?"

"మా డ్రైవరు రోజూ బండి తీసేముందు పావుగంట ప్రార్థన చేస్తున్నాడు."

గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న మెకానిక్కు ఆగిపోయాడు. "పావుగంటా?" అని, గుడ్డ పడేసి వచ్చి మళ్ళీ బండి కిందకి దూరాడు. కాసేపటికి బయటికి వచ్చి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు గానీ, ఆ అనడంలో మునుపటి ధీమా లేదు.

అప్పటికి డ్రైవరు బైబిలు మూశాడు.

"నిజం చెప్పన్నా. ఈ బండికేమైంది?" అని అడిగాడు కండక్టరు.

"ఏమీ కాలేదు తమ్ముడూ."

"పోనీ నీకేమైంది?"

"అలవాటు చేసుకుంటున్నాను. పొద్దున్నే ఒక అధ్యాయం, ఆ తర్వాత ప్రార్థన. ఇదివరకు మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ వారం తిరక్కుండా చేతులెత్తేశాను. నలభై రోజులు విడవకుండా చెయ్యి, ఆపైన అదే నిన్ను లేపి కూర్చోబెడుతుంది అన్నారు మా పాస్టరుగారు. మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచే. రేపటితో నలభై."

"రేపటితోనా? రేపేం కాబోతోంది?"

"నలభై అవుతుంది."

"ఇంతకీ ఏమని ప్రార్థిస్తావు?"

"ఎక్కినవాళ్ళందరినీ క్షేమంగా చేర్చమని. నర్సమ్మ గురించి, మేస్టారి గురించి, పేరుపేరునా. నీ గురించి మాత్రం కాస్త ఎక్కువసేపు."

"నా గురించి ఎక్కువెందుకు?"

"నువ్వు తలుపు దగ్గర నిలబడతావు కదా."

ఆ పూట బండిలో ఉన్నంతసేపూ కండక్టరు రెండు చేతులతో కడ్డీ పట్టుకునే ఉన్నాడు. టిక్కెట్లు పళ్ళతో చింపాడని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. దిగీ దిగగానే బస్టాండు కంట్రోలరు దగ్గరికి పరుగెత్తాడు.

కంట్రోలరు డ్రైవరుని పిలిపించాడు. "నీ ప్రార్థన నీ ఇష్టం. నాకు మాత్రం ఆరున్నరకి బండి కదలాలి. ఇంట్లో చేసుకుని రాలేవా?"

"ఒకే గదిలో ఆరుగురం సార్. అయిదింటికే మా ఆవిడ కుట్టుమిషను, మా అత్తగారి దగ్గు, పిల్లల కొట్లాట. నాకు కాస్త నిశ్శబ్దం దొరికేది ఆ సీట్లోనే."

"అదంతా నాకు తెలీదు."

"సరే సార్. ఆరున్నరకి కదులుతుంది," అన్నాడు డ్రైవరు.

పల్లెత్తు మాట అనలేదు. ముఖం కూడా ముడుచుకోలేదు. కండక్టరుకి అక్కడ మళ్ళీ అనుమానం పట్టుకుంది. ముప్పైతొమ్మిది రోజులు లాక్కొచ్చిన మనిషి ఒక్క రోజు ముందు ఇంత తేలిగ్గా వదిలేస్తాడా?

మర్నాడు సరిగ్గా ఆరున్నరకి బస్సు కదిలింది. మేస్టారు తిరిగొచ్చి తన సీట్లో కూర్చున్నాడు. "ఇవాళ ప్రాణం హాయిగా ఉందయ్యా," అని నర్సమ్మ కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. బండి ఒక్కో మలుపూ తిరుగుతూ కొండ ఎక్కుతోంది. ఇంజను చప్పుడులో తేడా లేదు, బ్రేకులు పడాల్సిన చోట పడుతున్నాయి. వెనక నుంచి టిక్కెట్లు కొట్టుకుంటూ వస్తున్న కండక్టరుకి పట్టుకోవటానికి ఏ లోపమూ దొరకలేదు. అనుమానం పోయేసరికి ఆ స్థానంలో జాలి వచ్చి కూర్చుంది. పాపం, చివరి రోజు చెడగొట్టాను కదా అనుకుని డ్రైవరు సీటు వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏమనుకోకన్నా. రేపటి నుంచి మళ్ళీ ఒకటి, రెండు అని మొదలెట్టుకో."

"ఎందుకు తమ్ముడూ? నాకు రోజు తప్పలేదే. అధ్యాయం ఇప్పుడే అయింది."

"ఇప్పుడే అంటే?"

"కింద రెండో మలుపు దగ్గర మొదలెట్టాను," అన్నాడు డ్రైవరు, ఒళ్ళోని బైబిలు మూసి పక్కన పెడుతూ. ఎదురుగా ఏడో మలుపు కనిపిస్తోంది. "ఇక ప్రార్థన ఒక్కటే మిగిలింది," అని రెండు చేతులూ జోడించి, భక్తిగా కళ్ళు మూసుకున్నాడు.